అక్షరం గుంపు

ఉలిగమ్మ జవాబు పత్రంలో ఒక్క తప్పు కూడా లేదు, పైన మాత్రం ఎర్ర సిరాతో ముప్పైకి నాలుగు అని వేసి ఉంది.

విమల కాగితం వెనక్కి తిప్పింది. వెనక కూడా రాత నిండుగా ఉంది. పేరా చదివి అయిదు ప్రశ్నలకు జవాబులు రాయాలి. అయిదూ సరిగ్గా రాసింది. చివరన, మీ ఇంట్లో చేసే ఒక పని గురించి అయిదు వాక్యాలు రాయమంటే ఏడు రాసింది. ఈనిన గొర్రె తన పిల్లను దగ్గరికి రానివ్వకపోతే ఏం చేయాలన్నది విషయం. పిల్ల ఒంటి మీది తడిని తల్లి మూతికి పూయాలి. రెంటినీ ఒక పూట ఇరుకు దడిలో కలిపి ఉంచాలి. అప్పటికీ తన్నితే తల్లి కాలు పట్టుకొని పిల్లకు పాలు తాపాలి. వత్తులూ దీర్ఘాలూ ఎక్కడివి అక్కడ ఉన్నాయి.

ఆమె కట్ట విప్పింది ఇందుకు కాదు. ఒక్కో గుంపు నుంచి ఒక్కో పత్రం ఫొటో తీసి మధ్యాహ్నంలోగా పంపమని మండల ఆఫీసు నుంచి వాట్సాప్ వచ్చింది. బీరువాలోంచి కట్ట తీసి, జాబితాలో అక్షరం గుంపు కింద కంటబడిన మొదటి పేరు చూసి లాగింది. జాబితాలోనూ నాలుగే ఉంది. నాలుగు కాబట్టే అక్షరం గుంపు.

నాలుగు, అయిదు తరగతుల పిల్లలు ముప్పై ఒక్క మంది. జులై మొదటి వారంలో వాళ్లకు పరీక్ష పెట్టారు. మార్కులను బట్టి నాలుగు గుంపులు చేశారు. అక్షరం, పదం, వాక్యం, కథ. రోజూ ప్రార్థన అయ్యాక గంటన్నర సేపు ఎవరి గుంపు వాళ్లది, ఎవరి పాఠం వాళ్లది. కథ, వాక్యం గుంపులు విమలవి. పదం గుంపు హెడ్ మాస్టరు నీలావతి మేడమ్ ది. అక్షరం గుంపు కొండయ్య సారుది. ముగ్గురూ జూన్ బదిలీల్లో ఈ ఊరికి వచ్చినవాళ్లే. గుంపులు మొదలై మూడు వారాలైంది.

ఎవరి తరగతి పత్రాలు వాళ్లు దిద్దకూడదని రూలు. విమల తరగతి పత్రాలను కొండయ్య సార్ దిద్దాడు. విమలకు అందింది మార్కుల జాబితా మాత్రమే.

ఆమె కథ గుంపులో మొదటి పేరు ఆదిత్యది. బస్టాపు దగ్గర కిరాణా అంగడి నడిపే సంజయ్ కొడుకు. ఇరవై ఆరు మార్కులు. విమల వాడి పత్రం లాగింది. వెనక పేజీ ఖాళీ. ముందు పేజీలో సగం జవాబులు, అందులోనూ సగం తప్పులు. హరిణి పత్రం లాగింది. ఇరవై నాలుగు. ఆ పిల్లకు ఇరవై అయిదైనా వేయొచ్చు. అశ్వినికి అయిదు వేశారు. లెక్కపెడితే పదిహేడు వస్తున్నాయి.

గంట కొట్టేలోగా పదకొండు పత్రాలు చూసింది. ఏడింటికి మార్కులు కలవలేదు. ఇంకో సంగతి కూడా కనిపెట్టింది. ఏ పత్రంలోనూ లోపల ఒక్క టిక్కు లేదు. పైన మొత్తం మాత్రమే ఉంది.

కట్ట అక్కడే పెట్టి వరండాలోకి వెళ్లింది.

అక్షరం గుంపు పద్నాలుగు మంది. ఒక్కొక్కరి ముందు ఇసక పోసిన స్టీలు పళ్లెం. కొండయ్య సార్ ఇస్త్రీ చొక్కాలో వెనక చేతులు కట్టుకొని వరసల మధ్య తిరుగుతూ అక్షరం పలుకుతున్నాడు. పిల్లలు కోరస్ గా పలుకుతూ ఇసకలో రాస్తున్నారు. ఉలిగమ్మ చూపుడు వేలితో 'గ' దిద్దింది. అరచేత్తో చెరిపింది. మళ్లీ దిద్దింది. పదేళ్ల పిల్ల. జడలకు రెండు రంగుల రిబ్బన్లు.

"సార్, ఈ పాపను రెండు నిమిషాలు పంపిస్తారా?"

"తీసుకపోమ్మా."

గదిలో విమల అయిదో తరగతి వాచకం తెరిచి, ఇంకా చెప్పని పాఠం ఒకటి ముందు పెట్టింది. ఉలిగమ్మ వేలు కూడా ఆనించకుండా పేజీ అంతా చదివింది. పేజీ అయిపోగానే తనే తిప్పబోయింది.

"చాల్లే. ఇంత బాగా చదువుతావు, మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవురికి మేడమ్?"

"సారుకి."

"సార్ అడగల్యా. తెలిసే ఆడ కూసోబెట్టింటాడు గదా మేడమ్, సారు."

గోళ్లలో ఇరుక్కున్న ఇసక తీసుకుంటూ మళ్లీ తనే అంది. "ఇంగ నాలుగు దినాలే లే మేడమ్. ఆదివారం పొద్దున్నే మేము మందతో పోతాండాము."

"యాడికి?"

"తలుపుల కొండలకు. ఈడ సెనక్కాయ విత్తినాక జీవాలకు మేపు ఉండదు."

"నువ్వెందుకు? మీ అవ్వ ఇక్కడే ఉంటుంది కదా."

"పోయినేడు అవ్వ కాడే ఉండి బడికి వస్తి. ఈసారి నాయన వద్దన్యాడు. అయిదో తరగతికొచ్చి గూడా ఇసకలో అక్షరాలు దిద్దేదానికి బడెందుకు, గొర్రెపిల్లల్నన్నా సూసుకుంటావు రా అన్యాడు."

ఏడుపు లేదు. బస్సు ఎన్నింటికో చెప్పినట్టు చెప్పింది. వెళ్లి పళ్లెం ముందు కూర్చుంది.

గురువారం పొద్దున నీలావతి మేడమ్ పెనుకొండ నుంచి రాగానే విమల రెండు పత్రాలు బల్ల మీద పరిచింది. హెడ్ మాస్టరు రెండూ చూసింది. కళ్లజోడు తీసింది. తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరికైనా చెప్పినావా?"

"లేదు మేడమ్."

"చెప్పొద్దు. యాప్ లో ఎక్కినాక మార్కులు మార్చేదానికి లేదు. అరవై రోజులకు మళ్లీ పరీక్ష పెడతారు గదా, అప్పుడు సరిచేద్దాం."

"అరవై రోజులకు ఆ పాప ఇక్కడ ఉండదు మేడమ్. ఆదివారం తీసుకుపోతున్నారు."

"వాళ్ల నాయనకు చెప్పి ఆపు. మార్కుల జోలికి పోవద్దు." ఆమె ఫోను తీసింది. మరుగుదొడ్ల ఫొటోలు తొమ్మిదిలోగా పంపాలి, అప్పటికే తొమ్మిదీ పది అయింది. "ఎక్కించింది గోపాల్. ఏదన్నా ఉంటే ఆయప్పనే అడుగు."

గోపాల్ నాలుగు ఊళ్ల బడుల లెక్కలు ఆన్ లైన్ లో ఎక్కించే కుర్రవాడు. హిందూపురం మనిషి. మధ్యాహ్నం బైకు దిగి హెల్మెట్ తీయకముందే విమల అడిగింది.

"అక్కా, నన్నంటావేమి? నేను ఎక్కించేవాణ్ణి, దిద్దేవాణ్ణి కాదు. నాకిచ్చే దుడ్లకు దిద్దేది గూడా నేనే అయితే ఇంగ మీరెందుకు?"

"జాబితా, పత్రాలు కలవడం లేదు గోపాల్."

అతను ఫోనులో వెతికి ఫొటో చూపించాడు. గీతలు కొట్టిన తెల్లకాగితం మీద ఒకటి నుంచి ముప్పై ఒకటి దాకా పేర్లు, ఎదురుగా మార్కులు. పొందికైన గుండ్రటి అంకెలు. కొండయ్య సార్ చేతిరాత.

"ఇది చూసి ఎక్కించినా. ఒక్క అంకె తేడా ఉంటే నా చెవి కోసుకో. అయినా," అతను గొంతు తగ్గించాడు, "బడికి నాలుగు ఫ్యాన్లు ఇచ్చినాడంట గదా కిరాణా సంజయ్? వాళ్ల పిల్లోడు ఏ గుంపో చూసినావా?"

విమల నిన్ననే ఆ పేరు చూసింది.

ఒకవేళ రాసేటప్పుడు ఒక వరస జారిందేమో. తీరిక గంటలో ఆమె జాబితాను పత్రాల పక్కన పెట్టి, మార్కులన్నీ ఒక వరస కిందికి జరిపి చూసింది. కలవలేదు. పైకి జరిపింది. కలవలేదు. రెండు వరసలు జరిపింది. అప్పటికి మొత్తం ముప్పై ఒక్క పత్రాలూ తనే మళ్లీ దిద్దేసింది. పద్దెనిమిది మంది మార్కులు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. పదమూడు మందివి ఎక్కడా అతకవు. అందరివీ తప్పైతే మర్చిపోయి వేశారనుకోవచ్చు. సగం పైన కరెక్టు కావడమే ఆమెకు అంతుబట్టలేదు.

కొండయ్య సార్ బోర్డు తుడుస్తున్నాడు. జిల్లాలో పేరున్న మాస్టరు. పదో తరగతి మూల్యాంకనానికి వెళ్లినప్పుడు తోటివాళ్లు తమ పత్రాలు ఆయనతో సరిచూయించుకునేవాళ్లని ధర్మవరంలో చెప్పుకుంటారు. వచ్చే మార్చితో సర్వీసు అయిపోతుంది.

"సార్, పరీక్ష మార్కుల్లో ఏదో గోల్ మాల్ జరిగింది."

డస్టరు ఆగలేదు. "పరీక్షలంటే అట్లే ఉంటాయిలేమ్మా. పైన మళ్లీ పెడతారు గదా."

"ఉలిగమ్మకు ముప్పైకి ముప్పై రావాలి సార్."

బోర్డు మీద ఏమీ మిగల్లేదు. ఆయన తుడుస్తూనే ఉన్నాడు. "అట్లనా," అన్నాడు.

సాయంత్రం విమల సంజయ్ అంగడికి వెళ్లి అర్ధకిలో ఉప్మా రవ్వ అడిగింది. సంజయ్ త్రాసులో పోస్తూ తనే మాట కదిపాడు.

"మావాడు ఎట్ల చదువుతాండాడు మేడమ్?"

"మీరు చెప్పండి. ఇంట్లో చదువుతాడా?"

సంజయ్ అటూ ఇటూ చూశాడు. "నిజం చెప్పాల్నా? పేపర్ ఇస్తే బొమ్మలు చూస్తాడు. అంగట్లో చక్కెర డబ్బా తెమ్మంటే ఉప్పు డబ్బా తెస్తాడు. కథ గుంపులో మొదటి పేరు మావాడిదే అని తెలిసిన పొద్దు నేనూ నా పెండ్లామూ ఒకరి మొగం ఒకరు చూసుకుంటిమి."

"మరి వచ్చి అడగలేదే?"

"అడిగితే దించేస్తారేమో అని భయం మేడమ్." పొట్లానికి దారం చుట్టి తెంచాడు. "వాడు మధ్య మధ్యలో ఏడుస్తాండాడు. కథల బుక్కు ఇంటికి తెచ్చిన పొద్దు అన్నం తినడు. అయినా మొదటి పేరు గదా అని ఊరుకుంటి."

ఇతను మార్కులు వేయించుకున్న మనిషి కాదు. విమల రవ్వ సంచిలో వేసుకొని ఊరి బయటికి నడిచింది.

ఉలిగమ్మ వాళ్ల నాయన పోతులయ్య వలలకు పడిన చిరుగులు అల్లుతున్నాడు. రాత్రిళ్లు మందను బయలు మీద ఆపాలంటే చుట్టూ వల కట్టాలి. కాలి బొటనవేలికి దారం తగిలించి, పళ్లతో ముడి బిగిస్తున్నాడు. మేడమ్ ను చూసి లేచి తలగుడ్డ తీశాడు. ఉలిగమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇచ్చి గొర్రెపిల్లల దగ్గరికి వెళ్లిపోయింది.

విమల పత్రం అతని చేతికిచ్చింది. "మీ పాప రాసింది. ఒక్క తప్పు లేదు. తరగతిలో ఇంత బాగా రాసినవాళ్లు ఇంకెవరూ లేరు."

పోతులయ్య కాగితం రెండు చేతులతో పట్టుకున్నాడు. చదవలేడు. పైనున్న ఎర్ర అంకె మాత్రం తెలిసింది. "నాలుగు గదా మేడమ్ ఇది?"

"అది తప్పు. ఎట్లా పడిందో కనుక్కుంటున్నా."

"ఏసింది ఎవురు?"

"కొండయ్య సార్."

పోతులయ్య కాగితం మడిచి జాగ్రత్తగా తిరిగి ఇచ్చేశాడు. "ఇంగేముంది మేడమ్. మీరు మంచోళ్లు, పిల్ల మీద మనసుతో చెప్తాండారు. సార్ తప్పు ఏయడు. నాకు నాలుగేండ్లు చెప్పినాడు, ఈ బడిలోనే. ఆ సారుకు మొదటి ఉద్యోగం ఈడే గదా. అయిదో తరగతిలో పరీక్ష పెట్టి, పోతులయ్యా నీకు చదువు రాదురా, ఊరికే తిప్పలు పడొద్దు, జీవాలు కాసుకో అన్యాడు. అన్నట్లే ఆయ. నాకు రాల్యా. ఆయప్ప మొగమ్మీద చెప్పే మనిషి. మీరు కొత్తోళ్లు, మీకు తెల్దు."

"సారే వచ్చి తప్పని చెప్తే?"

"సార్ చెప్తే ఇంగ మాటేముంది?" అతను మళ్లీ దారం అందుకున్నాడు. "చెప్పడు మేడమ్. ఏసినంక మార్చే మనిషి కాదు."

శుక్రవారం పొద్దున ఇంటర్వెల్ కు వంట మనిషి యల్లక్క రాగి జావ బకెట్ తెచ్చింది. పిల్లలు గుంపులు విడిపోకుండానే ఆవరణలో గ్లాసులు పట్టుకొని కూర్చున్నారు. యల్లక్క గరిటె ముంచి పోస్తూ పోస్తూ నవ్వింది. పది గ్లాసులు పోశాక మళ్లీ నవ్వింది.

"ఏమి యల్లక్కా, నీలో నువ్వే నవ్వుతాండావు?"

"ఏం లేదు మేడమ్. పాత సినిమా మల్లా ఆడినట్లుండాది." గరిటెతో చూపించింది. "ఆ గోడ కాడ నీడలో సంజయ్ కూసునేటోడు. ఇప్పుడు ఆడ వాని కొడుకు. వాని పక్కన హరిణి వాళ్ల నాయన, ఇప్పుడు హరిణి. ఈ పక్క ఎండలో పోతులయ్య, వాని పక్కన అశ్విని వాళ్ల నాయన, ఆ పక్కన నేను. సూడు ఇప్పుడు. ఉలిగమ్మ, అశ్విని, మా చిన్నోడు. ఒక్క సోటన్నా మారిందేమి? ముప్పై ఏండ్లాయ."

విమల చేతిలో గ్లాసు ఆగిపోయింది. "అప్పుడు కూడా గుంపులు ఉండేవా?"

"పేర్లు లేవులే. బాగా చదివేటోల్లు ముందర, మొద్దులు ఎనక."

"ఎవరు చేశారు?"

"ఇంగెవురు, కొండయ్య సారే. అప్పుడు సార్ కు మీసాలు నల్లగుండె."

మధ్యాహ్నం గిన్నెలు తోమడం అయ్యాక విమల యల్లక్కను గదిలో కూర్చోబెట్టింది. తెల్లకాగితం మీద పిల్లల పేర్లు, పక్కన తండ్రి పేరు. ఒక్కో పేరు చదివింది. వీళ్ల నాయన చదువులో ఎట్లా ఉండేవాడు? యల్లక్క కొంగుతో చేతులు తుడుచుకుంటూ వరసగా చెప్పుకుపోయింది. వాడు పులి మేడమ్. వాడు అంతంత మాత్రమే. వాడు బడి ఎగ్గొట్టి చింతకాయలకు పోయేటోడు. వాడు నాలుగుకు పైన ఎక్కం చెప్తే ఏడ్చేటోడు. తండ్రి వేరే ఊరి వాడైతే తల్లి ఎట్లా చదివేదో చెప్పింది.

విమల ప్రతి మాటనూ ఒక అంకెగా మార్చి రాసుకుంది. చివరికి జాబితా తెచ్చి పక్కన పెట్టింది. ఇరవై తొమ్మిది పేర్లు కలిశాయి. ఒకటో రెండో అటూ ఇటూ, అంతే.

కలవనివి రెండు. తాడిమర్రి నుంచి వచ్చి ఊరి చివర బాడుగకు ఉంటున్న మగ్గం పనివాళ్ల పిల్లలు. అక్కా తమ్ముడు.

"వీళ్ల నాయన ఎట్లా ఉండేవాడు యల్లక్కా?"

"వాల్లు కొత్తగా వచ్చినోల్లు మేడమ్. నాకేం తెలుస్తాది?"

జాబితాలో ఆ ఇద్దరికీ చెరి పదిహేను ఉంది. ముప్పైలో సరిగ్గా సగం.

ఆమె పెన్ను మూత పెట్టింది. ఈ మూడు వారాల్లో తనకు కూడా ఒక్కనాడూ అనుమానం రాలేదు. అంగడి శెట్టి కొడుకు కథ గుంపులో, గొర్రెల కాపరి కూతురు అక్షరం గుంపులో. జాబితా అందిన రోజు ఎక్కడా ఆగకుండా చదివి సంతకం పెట్టింది.

శనివారం ఒంటిపూట బడి. పిల్లలు వెళ్లిపోయాక కొండయ్య సార్ ఇసక పళ్లాలను ఒకదాని మీద ఒకటి బోర్లించి తుడుస్తున్నాడు. విమల రెండు నిలువు వరసలున్న కాగితం ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఒక వరస ఆయన వేసిన మార్కులు. రెండో వరస యల్లక్క చెప్పిన తండ్రులవి. దాని మీద ఉలిగమ్మ పత్రం పెట్టింది.

ఆయన మొదట పత్రం తీసుకున్నాడు. ముందు పేజీ చదివాడు. వెనక పేజీ చదివాడు. గొర్రె గురించిన ఏడు వాక్యాల దగ్గర చాలాసేపు ఆగాడు. చొక్కా జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు, ఏమనుకున్నాడో మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత రెండో కాగితం చూశాడు. పదిహేను, పదిహేను అని ఉన్న చోట విమల పెన్సిలుతో చుట్టిన గీత మీద వేలు పెట్టాడు.

"ఎవరు చెప్పినారమ్మా ఇది?"

"ఎవరూ చెప్పలేదు సార్. యల్లక్క జావ పోస్తూ నవ్వింది."

ఆయన మిగిలిన పళ్లాలు కూడా తుడిచి, అన్నీ మూలన సర్దాడు. గది తాళం తీసుకున్నాడు. అప్పుడు అడిగాడు.

"రేపు ఎన్నింటికి బయల్దేరుతాండారు వాళ్లు?"

"ఆరున్నరకు."

"నువ్వు గూడా రామ్మా," అన్నాడు. "నేనొక్కణ్ణే అయితే వేరే ఏదో మాట్లాడి తిరిగొస్తానేమో."

ఆదివారం విమల ధర్మవరం నుంచి మొదటి బస్సులో బత్తలపల్లి దిగి, ఆటోలో ఊరు చేరేసరికి మంద దొడ్డి విడిచింది. వలలు చుట్టి, గిన్నెల మూటలతో పాటు చిన్న ట్రాలీ ఆటోలోకి ఎక్కించారు. నడవలేని పిల్లలను గంపల్లో పెడుతున్నారు. ఉలిగమ్మ ఒక గొర్రెపిల్లను చంకలో ఇరికించుకొని రెండో దాన్ని గంపలో సర్దుతోంది. యూనిఫాం లేదు. రిబ్బన్లు మాత్రం ఉన్నాయి.

కొండయ్య సార్ మోపెడ్ దూరంగా ఆపి, గొర్రెల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చాడు. పోతులయ్య ఎదురొచ్చి చేతులు జోడించాడు.

"ఏమి సార్, ఇంత పొద్దున్నే? మనిషిని పంపితే నేనే వస్తా గదా. రండి, కూసోండి." భార్య వైపు తిరిగి, "ఏమే, సార్ కు ఏదన్నా వెయ్యి కూసునేకి," అని కేక వేశాడు. ఆమె మూటల్లోంచి కంబళి లాగబోయింది.

"కూర్చోనప్పా. నిలబడే చెప్తా. పోతులయ్యా, నీ కూతురి కాగితం నేను చదవలేదు."

పోతులయ్యకు అర్థం కాలేదు. చేతులు జోడించినట్టే ఉన్నాయి. "ఏ కాగితం సార్?"

"పరీక్షది. నాలుగు మార్కులు వేసింది నేనే. చదవకుండా వేసినా. నిన్న మధ్యాహ్నం చదివినా మొదటిసారి. ముప్పైకి ముప్పై వేయాల. మేడమ్ నీకు చెప్పింది నిజం."

గొర్రెలు కదులుతున్నాయి. కుక్క ఒకటి వాటి చుట్టూ తిరిగి వచ్చింది. కొండయ్య సార్ గొంతు పాఠం చెప్పేటప్పటి గొంతే. పెంచలేదు, తగ్గించలేదు.

"ఆ పొద్దు మూడింటికి కట్ట ఇచ్చినారు. అయిదింటికి గోపాల్ లిస్టు అడిగినాడు. రెండు గంటలు చాలవా అంటే చాలును. మూడు కాగితాలు చదివినా. పేరు చూస్తూనే ఈ పిల్లకు ఇంత వస్తుందిలే అనుకున్నా, అంతే వచ్చింది. రెండోదీ అట్లే, మూడోదీ అట్లే. ఇంక చదివేది ఏముంది, వీళ్ల నాయనలందరూ నా చేతి కింద చదివినోళ్లే గదా అనుకున్నా. పేరు చూసేది, నాయన ఎవరో గుర్తుకు తెచ్చుకునేది, వేసేది. అర్ధగంటలో అయిపోయింది. మిగిలిన గంటన్నర గోపాల్ కోసం ఎదురు చూస్తా కూర్చున్నా. చదవడానికి టైము లేక కాదు."

పోతులయ్య చేతులు కిందికి దిగాయి.

"అది ఒక తప్పు. ఇంకొకటి ఉంది. రెండో వారంలో బియ్యం మూట మీద రాసింది ఈ పాప పక్క పిల్లకు చదివి చెప్తాంటే నేను విన్నా. నాకు అప్పుడే తెలిసింది. తెలిసి గూడా మళ్లా ఇసక ముందరే కూర్చోబెట్టినా. ఒకదాన్ని పైకి పంపితే ముప్పై ఒక్క కాగితాలూ తెరవాల. తెరిస్తే నా పేరు పోతుంది. మార్చి దాకా నెట్టుకొస్తే చాలనుకున్నా. రేపు హెడ్ మేడమ్ కు రాసిస్తా. నీకు మాత్రం కాగితం మీద చెప్పేది కాదని వచ్చినా."

ట్రాలీ డ్రైవరు హారన్ కొట్టాడు. ఎవరూ అటు చూడలేదు.

పోతులయ్య కూతురి వైపు తిరిగాడు. "ఏమ్మే, నీకు సదవను వస్తాదా?"

"వస్తాది నాయనా."

"మరి నాకెందుకు చెప్పల్యా?"

"చెప్తి. సార్ ఏసిన మార్కులు అబద్ధమా అంటివి."

అతను దగ్గరికి వెళ్లి ఆమె చంకలోని గొర్రెపిల్లను తీసుకున్నాడు. గంపలో పెట్టి మీద వల మూత బిగించాడు. మూటల్లో చెయ్యి పెట్టి వెతికి ఆమె బట్టల సంచి బయటికి తీశాడు.

"పో. అవ్వ లేచింటాది. ఉట్టి మీద సద్ది ఉండాది, ఇద్దరూ తినండి."

ఉలిగమ్మ తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపింది. పిల్ల సంచి భుజానికి వేసుకొని నడిచింది. పది అడుగులు వేశాక పరుగెత్తింది.

పోతులయ్య కర్ర తీసుకున్నాడు. మంద ముందు భాగం అప్పటికే రోడ్డెక్కింది. అతను నాలుగడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగాడు. నలభై ఏళ్ల మనిషి, బోర్డు ముందు నిలబెట్టినట్టు కర్రను రెండు చేతులతో పట్టుకొని నిలబడ్డాడు.

"సార్, ఒక మాట అడగొచ్చునా?"

"అడుగప్పా."

"నాది చదివినారా? అయిదో తరగతిలో, నాకు రాదు అని చెప్పిన పొద్దు?"

కొండయ్య సార్ ఆ నాలుగడుగులూ వేసి అతని ముందు నిలబడ్డాడు. విమల తల వంచుకొని నేల వైపు చూసింది.

"నిన్నటి నుంచి అదే ఆలోచిస్తాండా పోతులయ్యా. సంజయ్ రాత గుర్తుంది నాకు. పక్కకు వాల్చి రాసేవాడు. హరిణి వాళ్ల నాయన ప్రతి లైను కింద గీత కొట్టేవాడు, అదీ గుర్తుంది. నువ్వు నాలుగేండ్లు నా ముందర కూర్చున్నావు. నీ రాత ఎట్లా ఉండేదో ఎంత తలుచుకున్నా రావడంల్యా. చదివినానని చెప్పాలనే వచ్చింది నోటిదాకా. చదివింటే గుర్తుండేదప్పా."